‘వర్తించదు’ అని రాసే ముందు: ఆహార భద్రతా ప్రణాళికలో రేడియోధార్మిక ప్రమాదాల లెక్క

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులోనో మసాలా పొడుల యూనిట్‌లోనో ఆహార భద్రతా ప్రణాళిక ఫైలు తెరిస్తే కనిపించేది దాదాపు ఎప్పుడూ ఒకటే. సాల్మొనెల్లా గురించి రెండు పేజీలు, యాంటీబయాటిక్ అవశేషాల గురించి మూడు పేజీలు, గాజు పెంకులు, ఇనుప ముక్కల గురించి ఒక పేజీ. ‘రేడియోధార్మికం’ అన్న గడి దగ్గరికి వచ్చేసరికి ఒకే మాట: ‘వర్తించదు’. ముడిసరుకు దగ్గర అదే, నీటి దగ్గర అదే, ఐసు దగ్గర అదే. మొదటి గడిలో టైపు చేసి మిగిలిన ఇరవై గడుల్లోకి దించేశారని చూడగానే తెలిసిపోతుంది.

2025 ఆగస్టు వరకు ఆ మాట ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఆ నెలలో ఇండోనేసియా నుంచి వెళ్లిన రొయ్యల కంటైనర్లలో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఆనవాళ్లు ఉన్నట్టు లాస్ ఏంజెలెస్, హ్యూస్టన్, సవానా, మయామీ రేవుల్లో అమెరికా కస్టమ్స్ అధికారులు పసిగట్టారు. ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించిన ఒక రొయ్యల నమూనాలో కిలోకు సుమారు 68 బెకరెల్స్ (రేడియోధార్మికతకు కొలత) తేలింది. దుకాణాల్లోకి చేరిన సరుకును వెనక్కి పిలిపించారు. తర్వాత జావా లవంగాల్లోనూ అదే సీజియం బయటపడింది. అక్టోబరు 31 నుంచి జావా, లాంపుంగ్ ప్రాంతాల రొయ్యలకు, మసాలా దినుసులకు ధ్రువపత్రం తప్పనిసరి అయింది.

గమనించాల్సింది ఏమిటంటే, ఇండోనేసియాలో విద్యుత్తు తయారుచేసే అణు రియాక్టరు ఒక్కటీ లేదు. అక్కడి ప్రభుత్వ దర్యాప్తు వేలెత్తి చూపింది బాంతెన్ రాష్ట్రంలోని చికాండే పారిశ్రామికవాడలో తుక్కు ఇనుము కరిగించే కర్మాగారాన్ని. అంటే సమస్య చెరువులో పుట్టలేదు, మేతలో పుట్టలేదు. పొరుగున పుట్టింది. ఆ రొయ్యల ప్లాంటు ప్రమాదాల పట్టికలో ‘పొరుగు’ అనే వరుస ఉందో లేదో నాకు తెలియదు కానీ, నేను చూసిన మన పట్టికల్లో మాత్రం చాలావాటిలో లేదు.

దేశంలో చెరువు రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఆ రొయ్యలకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. కాబట్టి భీమవరంలోనో కాకినాడలోనో నాణ్యతా విభాగంలో కూర్చున్న వాళ్లకు ఈ ప్రశ్న ఇక తప్పించుకునేది కాదు. మంచినీటి బాటిళ్లు, మసాలాలు, పాలపొడి తయారుచేసేవాళ్లకూ కింద చెప్పే పది అడుగుల పద్ధతే పనికొస్తుంది. ముందే ఒక మాట: ఇవన్నీ చేశాక చాలా యూనిట్లలో తేలే జవాబు ‘ప్రత్యేక నియంత్రణ అవసరం లేదు’ అనే. అయితే కారణాలతో రాసిన ఆ జవాబు వేరు, కారణం లేకుండా దించిన ‘వర్తించదు’ వేరు.

మొదటి అడుగు: దేని గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవడం

బెకరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. ఆహారంలో ఎంత రేడియోధార్మికత ఉందో చెప్పేది ఇది. సీవర్ట్ అంటే దానివల్ల శరీరానికి అందే మోతాదు లెక్క. అది పెద్ద కొలత కాబట్టి దానిలో వెయ్యో వంతును (మిల్లీసీవర్ట్), పది లక్షలో వంతును (మైక్రోసీవర్ట్) వాడతాం. ల్యాబ్ నివేదికలో వచ్చేది బెకరెల్. ప్రమాదం ఎంతో తేల్చేది సీవర్ట్. రెంటినీ కలిపేసి మాట్లాడితే చర్చ అక్కడే పక్కదారి పడుతుంది.

రేడియోధార్మిక మూలకాలను రెండు మూటలుగా కట్టుకోండి. నేలలో సహజంగా ఉండేవి ఒక మూట: యురేనియం, థోరియం, వాటి నుంచి పుట్టే రేడియం-226, రేడియం-228, పొలోనియం-210. మనిషి చేసినవి రెండో మూట: సీజియం-137, సీజియం-134, స్ట్రాన్షియం-90, అయొడిన్-131, కోబాల్ట్-60, ప్లుటోనియం. సీజియం-137 సగానికి తగ్గడానికి 30 ఏళ్లు పడుతుంది, అయొడిన్-131కు 8 రోజులు చాలు. ఈ రెండు అంకెలు గుర్తుంటే అత్యవసర సమయంలో సగం నిర్ణయాలు సులువవుతాయి.

పొటాషియం-40ని ఏ మూటలోనూ కట్టకండి. పొటాషియం ఉన్న ప్రతిచోటా అది ఉంటుంది. గ్రాము పొటాషియానికి సుమారు 31 బెకరెల్స్. కిలో రొయ్యల్లో 2.2 గ్రాముల పొటాషియం ఉందనుకుంటే దాని నుంచే 68 బెకరెల్స్ వస్తాయి. ఇండోనేసియా నమూనాలో కలకలం రేపిన అంకె కూడా అదే! గుంటూరు మిరప పొడి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఎండుమిరపలో కిలోకు ఇరవై గ్రాముల దాకా పొటాషియం ఉంటుంది కాబట్టి కారప్పొడి సహజంగానే కిలోకు 600 బెకరెల్స్ చూపించగలదు. మన శరీరం తనకు కావలసినంత పొటాషియాన్నే ఉంచుకుని మిగిలినది వదిలేస్తుంది కనుక దీన్ని ప్రమాదంగా లెక్కించరు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే వదిలించుకోవాలి. మామిడిపండ్లకు, ఉల్లిపాయలకు, మసాలాలకు గామా కిరణాలతో చేసే శుద్ధి వల్ల ఆహారం రేడియోధార్మికం కాదు. ఆ కిరణాలు సరుకు గుండా పోతాయి, అందులో నిలవ ఉండవు. రేడియేషన్ తగలడం వేరు, రేడియోధార్మిక పదార్థం అంటుకోవడం వేరు. ఎండలో నిలబడటానికీ ఒంటికి బురద పూసుకోవడానికీ ఉన్నంత తేడా. శుద్ధి చేసిన సరుకు మీద చట్టం కోరిన గుర్తు వేయాలి తప్ప దాన్ని ఈ పట్టికలో రేడియోధార్మిక ప్రమాదంగా చూపకూడదు.

రెండో అడుగు: ఏ చట్టంలో ఎక్కడ ఉందో చూడటం

అమెరికా ఆహార భద్రతా నియమాల్లో, అంటే ఎఫ్‌డీఏ నియమావళి 117వ భాగంలో, రేడియోధార్మిక ప్రమాదాలకు వేరే అధ్యాయం లేదు. రసాయన ప్రమాదాల కిందే ‘రేడియోధార్మిక ప్రమాదాలు సహా’ అని చేర్చారు. కనుక పట్టికలో దీనికి వేరే గడి పెట్టినా, రసాయనాల గడిలో వేరే వాక్యంగా రాసినా ఒప్పే. రాయకపోవడమే తప్పు. రొయ్యలు, చేపలు 123వ భాగం కిందికి, సముద్ర ఆహార హ్యాసప్ (ప్రమాదాలను ముందే గుర్తించి కీలక దశల్లో నియంత్రించే పద్ధతి) కిందికి వస్తాయి. అక్కడ రేడియోధార్మికత పేరు విడిగా ఉండదు, రసాయన కాలుష్యం అన్న మాట ఉంటుంది. ‘మా భాగంలో ఆ పదమే లేదు’ అని వాదించినవాళ్లకు ఇండోనేసియా మీద వచ్చిన దిగుమతి హెచ్చరికే జవాబు. అది రసాయన కాలుష్యం పేరిటే వచ్చింది.

ఇక పరిమితులు. దేశానికొక అంకె ఉంటుంది, దేని వెనుక లెక్క దానిది. అమెరికాలో సీజియం-134, 137 రెండూ కలిపి కిలోకు 1200 బెకరెల్స్, అయొడిన్-131కు 170, స్ట్రాన్షియం-90కి 160. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మార్గదర్శక స్థాయి సీజియానికి 1000. అది అణు ప్రమాదం తర్వాత అంతర్జాతీయ వాణిజ్యం కోసం పెట్టినది. మనిషి ఏడాదికి 550 కిలోల ఆహారం తింటాడని, అందులో పదో వంతు కలుషితమైనదని ఊహించి, మోతాదు ఒక మిల్లీసీవర్ట్ దాటకుండా కట్టిన లెక్క అది. జపాన్ 2012 ఏప్రిల్ 1 నుంచి సాధారణ ఆహారానికి 100, పాలకు, పసిపిల్లల ఆహారానికి 50, తాగునీటికి 10 అని బిగించింది. మీ సరుకు ఎక్కడికి వెళుతుందో ఆ దేశపు అంకెనే ప్రణాళికలో రాయండి. రెండు దేశాలకు వెళితే తక్కువ అంకెను పట్టుకోండి.

పరిమితి లోపల ఉంటే చాలు అనుకోవడం కూడా పొరపాటే. 68 అన్నది 1200తో పోలిస్తే ఎంత? అయినా సరుకు వెనక్కి వెళ్లింది. ఉండకూడని చోట సీజియం ఉందంటే ఆ సరుకు తయారైన పరిసరాలే శుభ్రంగా లేవన్నది ఎఫ్‌డీఏ వాదన. పైగా పరిమితికి లోపల ఉన్న కొద్దిపాటి మోతాదైనా ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్లకూడదన్నది వాళ్ల మరో అభ్యంతరం. కొత్తగా కనిపించిన సీజియానికి కారణం చెప్పలేకపోతే అంకె చిన్నదైనా ప్రశ్న పెద్దదే.

మూడో అడుగు: నీటి నుంచి మొదలుపెట్టడం

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే అణు రియాక్టర్లూ బాంబులూ గుర్తొచ్చి అందరూ ఆకాశం వైపు చూస్తారు. తెలుగు నేల మీద చాలా యూనిట్లకు నిజంగా చూడాల్సింది కాళ్ల కిందే. గ్రానైటు రాతి పొరల్లోంచి వచ్చే లోతు బోరు నీటిలో యురేనియం, రేడియం సహజంగా కరిగి ఉండవచ్చు. నల్లగొండ జిల్లా లంబాపురం–పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం నిక్షేపాలను ఎప్పుడో గుర్తించారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం గని, శుద్ధి కర్మాగారం నడుస్తున్నాయి. వ్యర్థాల చెరువు వల్ల తమ బోర్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు, సంస్థ కాదంటోంది. ఆ వివాదంలో ఎవరిది సత్యం అన్నది ఆహార ప్రణాళిక తేల్చే పని కాదు. ఆ ప్రాంతపు బోరు నీటితో మామిడి గుజ్జో మంచినీటి బాటిలో తయారుచేస్తున్నప్పుడు నీటిని పరీక్షించామా లేదా అన్నదే మన పని.

ఆల్ఫా, బీటా అంటే రేడియోధార్మిక పదార్థాలు వెలువరించే రెండు రకాల కణాలు. మన తాగునీటి ప్రమాణంలోనూ, బాటిల్ నీటి ప్రమాణంలోనూ మొత్తం ఆల్ఫా లీటరుకు 0.1 బెకరెల్, మొత్తం బీటా 1 బెకరెల్ దాటకూడదు. యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదన్న పరిమితి కూడా తాగునీటికి ఉంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. సహజ యురేనియం మైక్రోగ్రాముకు సుమారు 0.025 బెకరెల్ ఆల్ఫా ఇస్తుంది. అంటే 30 మైక్రోగ్రాములున్న నీరు యురేనియం పరీక్షలో నెగ్గుతుంది, ఆల్ఫా మాత్రం 0.75 చూపించి ఘోరంగా తప్పుతుంది. నాలుగు మైక్రోగ్రాముల దగ్గరే ఆల్ఫా గీత తగులుతుంది. ‘యురేనియం పరీక్ష చేయించాం, బాగానే ఉంది’ అన్న కాగితం ఒక్కటే చూపించే బాటిల్ నీటి యూనిట్‌ను రెండో కాగితం అడగండి.

కోస్తాలో చిక్కు దీనికి తలకిందులు. సముద్రపు నీటిలో పొటాషియం ఉంటుంది కనుక లీటరుకు సుమారు 12 బెకరెల్స్ బీటా సహజంగానే వస్తుంది. ఉప్పు చెరువు నీటిని తీసుకెళ్లి తాగునీటి బీటా పరిమితితో పోల్చి బెంబేలెత్తిన ఒక ప్లాంటును చూశాను. ఉప్పు ఎక్కువగా ఉన్న నీటిలో ఆల్ఫా కొలత కూడా నమ్మకంగా రాదు. ఎండబెట్టిన ఉప్పు పొర ఆల్ఫా కణాలను తనలోనే ఆపేస్తుంది. చెరువు నీటిని వదిలేయండి. ఐసు తయారీ నీరు, గ్లేజింగ్ నీరు (గడ్డకట్టిన రొయ్యల మీద పలుచని ఐసు పూతగా వేసేది), కడిగే నీరు పరీక్షించండి. సరుకుకు అంటి వెళ్లేది అదే.

నాలుగో అడుగు: గోడ అవతల ఏముందో చూడటం

ప్లాంటు చుట్టూ ఒకసారి తిరిగి, ఎవరెవరు ఉన్నారో పటం గీయండి. మూడు రకాల పొరుగువారి మీద దృష్టి పెట్టాలి.

తుక్కు ఇనుము కరిగించేవారు మొదటి రకం. పనికిరాకుండా పోయిన ఆసుపత్రి యంత్రాల్లో, కర్మాగారాల్లో మట్టాలు కొలిచే గేజీల్లో సీజియం-137, కోబాల్ట్-60 మూలాలు ఉంటాయి. అవి తెలియక తుక్కులో కలుస్తాయి. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్-60 మూలాన్ని విప్పి ఒకరు చనిపోయారు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో వదిలేసిన ఆసుపత్రి యంత్రంలోని సీజియం నలుగురిని పొట్టన పెట్టుకుంది. కొలిమిలో పడినప్పుడు ఈ రెండూ ఒకేలా ప్రవర్తించవు. కోబాల్ట్ ఉక్కులోనే ఉండిపోతుంది. సీజియం ఆవిరై పొగ దుమ్ములోకి పోతుంది, ఆ దుమ్ము గాలివాటున పొరుగు షెడ్ల మీద పడుతుంది. కాబట్టి ఆహార ప్లాంటుకు గాలి దిశలో ఉక్కు కొలిమి ఉంటే అది పట్టికలో ఉండాల్సిందే. ఆ కర్మాగారం గేటు దగ్గర తుక్కు లారీలను రేడియేషన్ మీటరుతో పరీక్షిస్తారా అని లిఖితపూర్వకంగా అడగండి. జవాబు రాకపోయినా, అడిగిన ఉత్తరం ఫైలులో ఉంచండి.

ఖనిజాలు తవ్వేవారు, శుద్ధి చేసేవారు రెండో రకం. శ్రీకాకుళం నుంచి విశాఖ వరకు సముద్రపు ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంటుంది. ఫాస్ఫేట్ ఎరువుల కర్మాగారాల జిప్సం గుట్టల్లో రేడియం-226 ఉంటుంది.

అణు కేంద్రాలు మూడో రకం. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రం లేదు. నెల్లూరు, తిరుపతి వైపు యూనిట్లు తమిళనాడులోని కల్పాక్కం పేరు రాసుకోవచ్చు. మణుగూరు భారజల కర్మాగారాన్ని కూడా రియాక్టరు అనుకుని జాబితాలో ఎక్కించేవారున్నారు. భారజలం తయారీలో అణు ఇంధనం ఉండదు, ఆ పేరు కొట్టేయండి.

ఐదో అడుగు: ముడిసరుకు, సామగ్రి

ఇక్కడ త్వరగానే తేలుతుంది. స్థానిక చెరువుల వనామీ రొయ్యలు, స్థానిక మిరప, పసుపు అయితే పెద్దగా వెతకాల్సింది లేదు. దిగుమతి చేసుకునేవి మాత్రం విడిగా రాయండి: ఏ దేశం, ఏ ప్రాంతం, ఎక్కడ ప్యాకయింది. లవంగాలు ఇండోనేసియా నుంచి తెప్పిస్తుంటే ఇప్పుడు అది మామూలు ముడిసరుకు కాదు. చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత ఇన్నేళ్లకు కూడా ఐరోపా అడవి పుట్టగొడుగుల్లో, అడవి పందుల మాంసంలో సీజియం కనిపిస్తూనే ఉంది. చెర్నోబిల్ మన దేశపు వంటింటి దాకా కూడా వచ్చింది; ఐర్లండ్ నుంచి దిగుమతైన వెన్న మీద వేసిన వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరి, నిపుణుల కమిటీ ఆ వెన్న తినదగినదేనని చెప్పాక 1988లో ముగిసింది.

కొత్త స్టీలు టేబుళ్లు, ట్రేలు కొనేటప్పుడు ఉక్కు ధ్రువపత్రం అడగడం అతి జాగ్రత్త కాదు. 2008లో మన దేశంలో పోత పోసిన ఉక్కుతో చేసిన లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 ఉన్నట్టు ఫ్రాన్సులో తేలింది.

ఆరో అడుగు: ఎంత ప్రమాదమో లెక్క కట్టడం

ప్రమాద విశ్లేషణలో ‘తీవ్రత: ఎక్కువ, అవకాశం: తక్కువ’ అని రాసి ఊరుకోకండి. ఇక్కడ లెక్క నిజంగా కట్టవచ్చు. పెద్దవారు సీజియం-137ను తింటే ఒక్కో బెకరెల్‌కు అందే మోతాదు 0.013 మైక్రోసీవర్ట్. కిలోకు 68 బెకరెల్స్ ఉన్న రొయ్యలు ఒకరు ఏడాదిలో 10 కిలోలు తిన్నారనుకుందాం. మొత్తం 680 బెకరెల్స్. మోతాదు 9 మైక్రోసీవర్ట్‌ల లోపు. సహజ నేపథ్యం నుంచి మనిషికి ప్రపంచ సగటున ఏడాదికి 2400 మైక్రోసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. ఈ లెక్క ప్రణాళికలో ఉంటే, రేపు విలేకరి ఫోను చేసినా కొనుగోలుదారు ఫోను చేసినా చేతిలో మాట ఉంటుంది. అయితే దీన్ని ‘ఏమీ కాదు’ అనడానికి వాడుకోకండి. పసిపిల్లల ఆహారం తయారుచేసేవాళ్లు పిల్లలకు వర్తించే గుణకాలతో మళ్లీ లెక్క కట్టాలి. అయొడిన్-131 విషయంలో పిల్లల థైరాయిడ్‌కు అందే మోతాదు పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువ.

తయారీ పద్ధతి వల్ల అంకెలు మారతాయి, అదీ రాయాలి. ఉడికించినా వేయించినా రేడియోధార్మికత నశించదు. ఎండబెడితే నీరు పోయి, ఉన్నది చిక్కబడుతుంది. పచ్చి రొయ్యల్లో 20 ఉంటే ఎండు రొయ్యల్లో అది మూడు నాలుగు రెట్లు కావచ్చు. పాలపొడిలోనూ అంతే. వెన్న, నెయ్యి సంగతి తిరగబడుతుంది. సీజియం నీటిలో కరిగేది కనుక మజ్జిగలోనే చాలావరకు ఉండిపోతుంది, కాచిన నెయ్యిలోకి వచ్చేది అత్యల్పం.

ఏడో అడుగు: పరీక్ష చేయించడం

చేతిలో పట్టుకునే గీగర్ మీటరును రొయ్యల ట్రే మీద పెట్టి ‘ఏమీ లేదు’ అనడం చాలా ప్లాంట్లలో ఆడిటర్‌కు చూపించే తంతు. కిలోకు 68 బెకరెల్స్‌ను ఆ మీటరు పట్టలేదు. గదిలో ఎప్పుడూ ఉండే నేపథ్య రేడియేషన్‌లో అది కలిసిపోతుంది. తుక్కు ముక్కనో కలుషితమైన కంటైనర్‌నో పట్టడానికి మీటరు పనికొస్తుంది. ఆహారానికి మాత్రం గామా స్పెక్ట్రోమెట్రీ కావాలి. సీసపు గోడల మధ్య జర్మేనియం డిటెక్టరు పెట్టి, నమూనాను గంటల తరబడి లెక్కించే పరీక్ష అది. సీజియం-137 అయితే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, పొటాషియం-40 అయితే 1461 దగ్గర శిఖరం లేస్తుంది. రెండూ ఎప్పుడూ కలిసిపోవు. అందుకే ‘మొత్తం బీటా 600’ అని వచ్చిన కారప్పొడి నివేదికను చూసి కంగారు పడకుండా, మూలకాల వారీగా నివేదిక ఇమ్మని అడగాలి.

స్ట్రాన్షియం-90 గామాలో కనిపించదు, దానికి వేరే రసాయన పరీక్ష కావాలి. పొలోనియం-210కీ అంతే. సముద్ర జీవుల్లో పొలోనియం సహజంగానే ఎక్కువ. ఎవరైనా అడిగితే తప్ప దాని జోలికి పోనవసరం లేదు. రేడియం-226 కోసమైతే నమూనాను గాలి చొరబడకుండా మూసి మూడు నాలుగు వారాలు ఉంచాలి. రెండు రోజుల్లో రేడియం ఫలితం ఇస్తామన్న ల్యాబ్‌ను, ఏ పద్ధతిలో చేస్తారో ఒకసారి అడిగి చూడండి.

నివేదికలో నాలుగు విషయాలు వెతకండి: మూలకం పేరు, నమూనా సేకరించిన తేదీకి సరిచేసిన విలువ, తడి బరువు మీదా పొడి బరువు మీదా అన్న స్పష్టత, ల్యాబ్ పట్టగల కనీస స్థాయి. నాలుగోది లేని నివేదికకు విలువ లేదు. ‘కనుగొనబడలేదు’ అని రాసి ఊరుకుంటే దేని కంటే తక్కువో ఎలా తెలుస్తుంది? జపాన్‌కు 100 పరిమితి అయితే కనీస స్థాయి 10 దగ్గరైనా ఉండాలి. అణుశక్తి విభాగం కింద ఉన్న బ్రిట్ సంస్థ ఎగుమతి సరుకులకు రేడియోధార్మికత పరీక్షలు చేసి ధ్రువపత్రం ఇస్తుంది. ప్రైవేటు ల్యాబ్‌కు పంపేటట్టయితే దాని ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు పరిధిలో ఈ పరీక్ష పేరు ఉందో లేదో చూడండి. గుర్తింపు ఉండటం, ఈ పరీక్షకే గుర్తింపు ఉండటం రెండూ ఒకటి కాదు.

ప్రతి లాట్‌నూ పరీక్షించనవసరం లేదు. మొదటి ఏడాది నీటికి రెండుసార్లు, వేసవిలో ఒకటి, వానాకాలం తర్వాత ఒకటి. సరుకుకు ఒక ఆధార నమూనా. ఆ ఆధార అంకెలే రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు ‘ఇదివరకు లేదు’ అని చెప్పడానికి సాక్ష్యం.

ఎనిమిదో అడుగు: నియంత్రణ ఎక్కడ పెట్టాలి

నీటిలో యురేనియం, రేడియం ఎక్కువగా ఉన్నాయని తేలితే ఆర్‌ఓ ప్లాంటు రెంటినీ చాలావరకు తొలగిస్తుంది. అప్పుడు ఆర్‌ఓ అన్నది రుచి కోసం పెట్టిన యంత్రం కాదు, నియంత్రణ దశ. పొర మార్చిన తేదీలు, వాహకత రీడింగులు, ఆర్నెల్లకోసారి ఆల్ఫా పరీక్ష దానికి జతపడాలి. తీసేసిన రేడియం ఎక్కడికీ మాయం కాదు. తిరస్కరించిన నీటిలోకి పోతుంది. ఆ నీటితో నేల కడగడం, ట్రేలు కడగడం మానుకోవాలి. నీటిని మరిగిస్తే ఈ లోహాలు పోవు, పైగా చిక్కబడతాయి.

దిగుమతి ముడిసరుకుకు సరఫరాదారు ధ్రువపత్రమే నియంత్రణ. పత్రం మీద లాట్ నంబరు మీ సరుకు లాట్‌తో సరిపోలాలి. పొరుగు నుంచి దుమ్ము వచ్చే చోట గాలి ఫిల్టర్లు, మూసిన లోడింగ్ బే, ఆరుబయట ట్రేలు ఆరబెట్టకపోవడం చాలు. ఖాళీ కంటైనర్ల లోపలి భాగాన్ని సరుకు ఎక్కించే ముందు మీటరుతో చూడటం ఎగుమతిదారులకు నేను గట్టిగా చెప్పే మాట. మీటరుకు తగిన పని అదే.

తొమ్మిదో అడుగు: అనుకోనిది జరిగితే

అణు ప్రమాదం వార్త వచ్చిన రోజు ఏం చేయాలో ఒకే పేజీలో రాసి పెట్టుకోవాలి. ఆరుబయట ఉన్న ముడిసరుకు లోపలికి చేర్చడం, కిటికీలు, గాలి ఫ్యాన్లు మూయడం, ఆ రోజుకు ముందు తయారైన సరుకును విడిగా తాళం వేసి గుర్తులు పెట్టడం. తర్వాత వచ్చిన పాలు, ఆకుకూరలు ఫలితాలు వచ్చేదాకా వాడకూడదు. 1957లో బ్రిటన్‌లోని విండ్‌స్కేల్ ప్రమాదం తర్వాత సుమారు 500 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలోని పాలు పారబోశారు. కారణం అయొడిన్-131. ఎనిమిది రోజులకు సగం చొప్పున తగ్గే ఆ మూలకం విషయంలో కాలమే మందు. ఎనభై రోజులకు వెయ్యో వంతు మిగులుతుంది. నిలవ ఉండే జున్నుగా, పొడిగా మార్చి ఆగగలిగితే సరుకు దక్కుతుంది. సీజియం విషయంలో ఆగి లాభం లేదు. పరీక్షించి విడుదల చేయడమో, అధికారులు చెప్పినట్టు పారేయడమో తప్ప మూడో దారి లేదు. శుభ్రమైన సరుకు కలిపి అంకె తగ్గించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే, ఆ మాట ఫైలులోకి రాకముందే ఆపండి. అమెరికా చట్టం ప్రకారం అది కల్తీయే.

పదో అడుగు: గడిలో రాయడం

ఇంత చేశాక రాయాల్సింది కొద్ది వాక్యాలే. భీమవరం దగ్గరి ఊహా ప్లాంటుకు ఇలా ఉండవచ్చు:

‘ఐసు, గ్లేజింగ్ నీరు: 420 అడుగుల బోరు, ఆర్‌ఓ శుద్ధి. మొత్తం ఆల్ఫా, బీటా ఫలితాలు వేసవిలో, వానాకాలం తర్వాత పరిమితి లోపలే. నివేదికలు అనుబంధం 6లో. చుట్టుపక్కల రెండు కిలోమీటర్లలో ఉక్కు కొలిమి, ఖనిజ పరిశ్రమ లేవు. పటం అనుబంధం 7లో. దిగుమతి ముడిసరుకు బ్రెడ్ పొడి ఒక్కటే, సరఫరాదారు ధ్రువపత్రం ఉంది. కాబట్టి ప్రత్యేక నియంత్రణ అవసరమైన ప్రమాదంగా గుర్తించలేదు.’

దీన్ని చదివిన ఆడిటర్ మరో ప్రశ్న అడగవచ్చు, కానీ ‘ఎందుకు?’ అని మాత్రం అడగడు.

117వ భాగం కింద ప్రణాళికను కనీసం మూడేళ్లకోసారి, సముద్ర ఆహార హ్యాసప్ కింద ఏడాదికోసారి తిరిగి చూడాలి. ఈ గడికి మాత్రం క్యాలెండరు కంటే కొన్ని సంఘటనలు ముఖ్యం: కొత్త దేశం నుంచి ముడిసరుకు, పక్క స్థలంలో కొత్త కొలిమి, దిగుమతిదారు దేశం కొత్త హెచ్చరిక, ఎండు సరుకు కొత్తగా మొదలుపెట్టడం. వీటన్నింటికంటే తరచుగా జరిగేదీ, ఎవరూ నాణ్యతా విభాగానికి చెప్పనిదీ ఒకటుంది. ఏప్రిల్‌లో పాత బోరు ఎండిపోతుంది. మెయింటెనెన్స్ వాళ్లు రాత్రికి రాత్రే రిగ్గు తెప్పించి మరో మూడు వందల అడుగులు దిగి కొత్త బోరు వేస్తారు. 420 అడుగుల నీటికి చేయించిన పరీక్ష 720 అడుగుల నీటికి చెల్లదు. మోటారు బిగించే ముందే రెండు లీటర్ల నమూనా ల్యాబ్‌కు వెళ్లేలా మెయింటెనెన్స్ రిజిస్టర్‌లో ఒక వరుస చేర్చండి, పక్కన నాణ్యతా విభాగం సంతకానికి చోటు వదలండి.